అమ్మవారి మెట్లు... ఆమె బూట్లు

తెల్లవారుజాము నాలుగున్నర. మైసూరు బస్టాండుకు దగ్గర్లో ఓ మాదిరి లాడ్జి. ఒకే గదిలో ఐదుగురు. మంచం మీద అత్తగారూ మనవరాలూ, కింద పరుపుల మీద మిగతా ముగ్గురూ. దిండు కింద పెట్టుకున్న సెల్‌ఫోను గుర్రుమంది. ఆమె చటుక్కున నొక్కేసి, చప్పుడు కాకుండా లేచింది. బూట్లు రాత్రే బాత్‌రూమ్ తలుపు వెనక దాచిపెట్టుకుంది. వాటిని బోర్లించి దులిపింది. తర్వాత చెయ్యి లోపలికంటా పెట్టి వేళ్లతో తడిమి చూసింది. చిన్న రాయిగానీ, పిన్నీసుగానీ ఉండకూడదు. రోజూ చేసే పనే. మేజోళ్లు తొడుక్కుని తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

''ఎక్కడికే?''

అత్తగారు! డెబ్భై ఏళ్ల మనిషికి నిద్రెక్కడ పడుతుంది? దుప్పటి తియ్యకుండానే అడిగింది. జవాబు తెలిసే అడిగిన ప్రశ్న అది.

సంక్రాంతి సెలవలకి విజయవాడ నుంచి బయల్దేరిన ప్రయాణం. అంతకు ముందు రోజు జూ, ప్యాలెస్, సాయంత్రం బృందావన్ గార్డెన్స్. అన్నిచోట్లా అందరిలాగే తిరిగారు. కృష్ణరాజసాగరం ఆనకట్ట దగ్గర నిలబడి, ''విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది మన మోక్షగుండమే'' అని అత్తగారు నలుగురికీ వినిపించేలా చెప్పడం కూడా అయింది. రంగుల ఫౌంటెన్ చూసి తిరిగొస్తుంటే ఆవిడ ఎడమకాలి చెప్పు ఎక్కడో జారిపోయింది. పది అడుగులు వేశాక గానీ ఎవరూ చూడలేదు. మనవడు వెనక్కి పరుగెత్తి తెచ్చాడు. ''నానమ్మ సిండ్రెల్లా'' అని పిల్లలు ఒకటే నవ్వులు. ఆవిడ కూడా నవ్వింది.

గొడవ వచ్చింది మాత్రం రాత్రి భోజనాల దగ్గర. పొద్దున్నే చాముండి కొండ మెట్ల మీదుగా పరుగెత్తి వెళ్తాననీ, మిగతావాళ్లు ఎనిమిదింటికి కారులో పైకొస్తే గుడి దగ్గర కలుస్తాననీ ఆమె చెప్పింది. 'పరుగు' అన్న మాటకి అత్తగారు ఏమీ అనలేదు. మూడేళ్లుగా చూస్తూనే ఉంది. కోడలు పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద అటు కిలోమీటరు పైచిలుకు, ఇటు కిలోమీటరు పైచిలుకు పరుగెత్తి రావడం, అపార్ట్‌మెంటులో నలుగురూ నాలుగు రకాలుగా అనుకోవడం, ఆ తర్వాత వాళ్లే వచ్చి 'మేమూ రావొచ్చా' అని అడగడం... అన్నీ అయ్యాయి. ఆవిడ అభ్యంతరం వేరే.

''అమ్మవారి మెట్లు బూట్లేసుకుని ఎక్కుతారా ఎవరైనా? మనూళ్లో దుర్గమ్మ కొండ మెట్లకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక్కో మెట్టుకీ దణ్ణం పెట్టుకుంటూ ఎక్కుతారు. ఇక్కడా ఆ తల్లే కదా. నలభై ఏళ్ల కిందట వీణ్ని చంకనేసుకుని ఉత్త కాళ్లతో ఎక్కాను నేను. వెయ్యిన్నొక్క మెట్టు! లెక్కపెట్టుకుంటూ ఎక్కాను.''

'వీడు' అనిపించుకున్న నలభై నాలుగేళ్ల కొడుకు పెరుగన్నంలోంచి తలెత్తలేదు. ఇలాంటప్పుడు మగవాళ్లకి పెరుగన్నం మీద ఎక్కడలేని శ్రద్ధ పుడుతుంది!

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పాలంటే వాళ్లమ్మ గురించి చెప్పాలి. పండగ పూట, ఊరుకాని ఊళ్లో, పిల్లల ముందు అదంతా ఎందుకనిపించింది. సగం దోసె పళ్లెంలోనే వదిలేసి, రాత్రి వేసుకోవలసిన మాత్ర వేసుకుని పడుకుంది. ఆ సగం దోసె సంగతి తర్వాత వస్తుంది.

''కొండకే అత్తయ్యా'' అందిప్పుడు, నెమ్మదిగా.

దుప్పటిలో కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ చెయ్యి చాపి, కింద పడుకున్న మనవణ్ని తట్టింది. ''ఒరే, లే. అమ్మతో వెళ్లు. చీకట్లో ఒక్కత్తీ ఏం వెళుతుంది?''

ఒప్పుకున్నట్టా, కాదా? అత్తగార్ల సంగతి అంత సులువుగా తేలదు.

* * *

చాముండి కొండ సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తు. మైసూరు ఊరే ఎత్తు మీద ఉంటుంది కాబట్టి కింది నుంచి ఎక్కాల్సింది మూడువందల మీటర్లు. మెట్లు వెయ్యికి కాస్త పైనే. వెయ్యిన్నొకటి అని కొందరూ, వెయ్యిన్నెనిమిది అని కొందరూ అంటారు. ఎక్కేవాళ్ల ఊపిరిని బట్టి లెక్క మారుతుంది కాబోలు. పదిహేడో శతాబ్దంలో దొడ్డ దేవరాజ ఒడయరు కట్టించిన మెట్లివి. దాదాపు ఏడొందలో మెట్టు దగ్గర, ఒకే రాతిలో తొలిచిన పెద్ద నంది కూడా ఆయన కాలానిదే. పైకి మంచి తారు రోడ్డుంది, బస్సులున్నాయి. అయినా పొద్దున్నే మెట్ల దారి ఖాళీగా ఉండదు. మొక్కులవాళ్లు, వ్యాయామం వాళ్లు, కాలేజీ కుర్రాళ్లు... ఎవరి గొడవ వాళ్లది.

ఆటో కొండ పాదం దగ్గర దింపేటప్పటికి ఐదున్నర దాటింది. మంచు తెర, చలి. సెల్‌ఫోను లైటు వేస్తే మొదటి మెట్ల మీద పసుపూ కుంకుమా కనిపించాయి. నిన్నటివి కొన్ని, అప్పుడే పెట్టిన తడివి కొన్ని. ఆమె ఒక్క క్షణం ఆగింది. రాత్రి అత్తగారన్న మాట అప్పుడు గుచ్చుకుంది. బొట్లు ఎక్కువగా ఒక పక్కనే ఉన్నాయి. రెండో పక్కకి జరిగి మొదలుపెట్టింది.

''అమ్మా, పైన కలుద్దాం'' అంటూ కొడుకు రెండేసి మెట్లు చొప్పున దూకుతూ మాయమయ్యాడు. పదహారేళ్లు, స్కూలు క్రికెట్ టీములో ఫాస్ట్ బౌలరు. ఆమె మాత్రం చిన్న చిన్న అడుగులతో, ఒక్కో మెట్టూ తాకుతూ, పక్కనెవరైనా ఉంటే మాట్లాడగలిగేంత వేగంతోనే వెళ్లింది. కొండ మీద పరుగు నేల మీద పరుగులాంటిది కాదు. ప్రతి అడుగులోనూ ఒంటి బరువు మొత్తం పైకి లాగాలి. గుండె ముందు పరుగెత్తి మనిషి వెనక పడుతుంది. అలాంటప్పుడు పౌరుషానికి పోకూడదు. యాభై మెట్లు పరుగు, ఇరవై మెట్లు నడక. కొండ పరుగు అంటే సగం నడకేనని ఆమెకి గుణదల కొండ నేర్పింది.

రెండొందల మెట్ల దగ్గర ఫాస్ట్ బౌలర్ గారు గట్టు మీద కూలబడి ఉన్నారు. నోరు తెరిచి గాలి మింగుతూ, ''నువ్వెళ్లమ్మా'' అని చెయ్యూపాడు. ఆమె నవ్వుకుంటూ దాటిపోయింది. కన్నకొడుకుని ఓడించడంలో ఉన్న ఆనందం ఎవరికి చెప్పుకోవాలి?

అక్కణ్నించి కాస్త పైన ఒక పెద్దామె కనిపించింది. అరవై అయిదు దాటి ఉంటాయి. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, ఒక చేతిలో పసుపు గిన్నె, రెండో చేతిలో కుంకుమ పొట్లం. వంగి, మెట్టుకి రాసి, లేచి, మళ్లీ వంగి... వెయ్యిసార్లు వంగాలి! ఆవిడ పాదాలు చీలి, నల్లబడి ఉన్నాయి. బూట్ల చప్పుడుకి తలెత్తి చూసింది. ఆమెకి తప్పు చేస్తూ దొరికిపోయినట్టయింది. పెద్దామె మాత్రం పక్కకి జరిగి దారిచ్చి, ''నిధాన... నిధాన'' అంది. కన్నడమైనా తెలుగైనా నిదానం నిదానమే.

* * *

నాలుగొందలు దాటాక మొదలైంది. ముందు చేతివేళ్లు వణికాయి. చలి అనుకుంది. తర్వాత చెమట. పరుగు చెమట వెచ్చగా ఉంటుంది. ఇది చల్లగా, మెడ వెనక నుంచి కారుతోంది. పెదవుల చుట్టూ తిమ్మిరి. ఎదుటి మెట్టు అంచు రెండుగా కనిపించింది.

ఆమెకి అర్థమైంది. గబుక్కున పక్కకి జరిగి కూర్చుంది. నడుముకి కట్టుకున్న చిన్న సంచీలోంచి మిషను తీసి, వేలికి సూది గుచ్చింది. అరవై రెండు. డెబ్భై కన్నా తగ్గితే ప్రమాదమని డాక్టరు చెప్పిన అంకె. రాత్రి సగం దోసె, దాని మీద షుగరు తగ్గించే మాత్ర, పొద్దున చక్కెర లేని కాఫీ, పైగా కొండ! పరుగుకి ముందు తినవలసిన రెండు బిస్కట్లు గదిలోనే బల్ల మీద మర్చిపోయింది. అన్ని మాత్రలతోనూ ఇలా అవదు. ఆమె వేసుకునే రెండింటిలో ఒకటి మాత్రం, తిండి తినకపోయినా తన పని తాను చేసుకుపోతుంది. మూడేళ్లలో ఇలా కావడం ఇది రెండోసారి.

గ్లూకోజు పొడి మూడు చెంచాల లెక్కన పొట్లం కట్టి ఎప్పుడూ సంచీలో పెట్టుకుంటుంది. నీళ్ల సీసాలో పోసి, మూత సరిగా పట్టక సగం ఒలకబోసుకుంటూ ఉండగా కొడుకు వచ్చాడు.

''ఏమైందమ్మా? మైసూర్‌పాకుంది, తింటావా?'' జేబులోంచి పొట్లం తీశాడు.

''వద్దురా. నెయ్యి ఎక్కువ. దాంట్లో చక్కెర ఒంటికి ఎక్కడానికి ఆలస్యమవుతుంది. నాకిప్పుడు ఆలస్యం పనికిరాదు. ఇంకో పొట్లముంది చూడు, ఈ సీసాలో కలుపు.''

రాజుగారి వంటింట్లో పుట్టిందని చెప్పుకునే మిఠాయికి అలా పరాభవం జరిగింది. అంతలోనే ఓ కోతి వచ్చి ఆ పొట్లం లాక్కుపోయి దాని గౌరవం కాపాడింది.

గ్లూకోజు తాగాక పదిహేను నిమిషాలు కదలకూడదు. అప్పుడు మళ్లీ చూసుకోవాలి. కొడుకు ఫోనులో టైమర్ పెట్టాడు. వాడి చేతులు వణుకుతున్నాయి. అమ్మకి షుగరని వాడికి తెలుసు. ఫ్రిజ్ మీద మాత్రల డబ్బా తెలుసు. ఆ డబ్బాకీ, చల్లబడిన అమ్మ చేతికీ ఉన్న సంబంధం మాత్రం ఇవాళే తెలిసింది.

కింద ఊరు మంచులోంచి కొంచెం కొంచెంగా పైకి తేలుతోంది. లలితమహల్ తెల్లగా మెరిసింది. రేస్‌కోర్సు గుండ్రంగా పచ్చగా కనిపించింది. ఆ పదిహేను నిమిషాల్లో ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

''అమ్మా, అమ్మమ్మకి కాలెందుకు తీసేశారు?'' అన్నాడు వాడు.

అప్పటికి వాడికి ఆరేళ్లు. అమ్మమ్మ అంటే వాడికి గుర్తున్నది తెనాలి ఇంటి వరండాలో చక్రాల కుర్చీ, అంతే.

ఆమె చెప్పింది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. గుళ్లో నల్లరాతి బండలు నిప్పుల్లా కాలుతున్నాయి. పదకొండు ప్రదక్షిణలు మొక్కు. తోటి ఆడవాళ్లు రెండడుగులకోసారి ఎగురుతూ, నీడ వెతుక్కుంటున్నారు. అమ్మమ్మ మాత్రం తీరిగ్గా, అడుగులో అడుగేస్తూ పదకొండూ పూర్తి చేసింది. ఆవిడ భక్తికి కాళ్లు కూడా కాలడం లేదని అందరూ దణ్ణం పెట్టారు. ఇంటికొచ్చాక చూస్తే రెండు అరికాళ్లకీ బొబ్బలు! షుగరు వల్ల పాదాల్లో నరాలు దెబ్బతిని, స్పర్శ ఎప్పుడో పోయింది. నొప్పి తెలియలేదు కాబట్టి ఆవిడా పట్టించుకోలేదు. పుండు పడింది. ముందు బొటనవేలు, తర్వాత మిగతా వేళ్లు, రెండు నెలలు తిరిగేసరికి మోకాలి కింద నుంచి తీసేశారు.

''నొప్పి తెలిసుంటే కాలు మిగిలేదిరా'' అంది.

అందుకే ఆమెకి షుగరని తేలిన రోజు డాక్టరు చెప్పిన మాటల్లో ఒక్కటి మాత్రం రాతిమీద చెక్కినట్టుండిపోయింది: ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో నడవొద్దు. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటుంది. స్నానం నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలితో కాదు, మోచేత్తో చూస్తుంది. ఏడాదికోసారి ఆస్పత్రిలో కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను దారం అరికాలికి అక్కడక్కడా ఆనించి 'తెలుస్తోందా?' అని అడుగుతారు. ఆ రెండు నిమిషాలూ ఆమెకి పదో తరగతి ఫలితాల రోజులా ఉంటుంది. ఇంతవరకూ ప్రతిసారీ తెలుస్తోందనే చెప్పగలిగింది. మొదట్లో ఎనిమిదిన్నర దాటిన మూడు నెలల సగటు పరీక్ష ఇప్పుడు ఏడుకి లోపలికొచ్చింది. మాత్రలు, తిండి, నడక... నడక ఎప్పుడు పరుగయిందో ఆమెకే గుర్తులేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు పదికోట్ల పైమాటే. అంతమందిలో ఒకత్తె ఈ మెట్టు మీద కూర్చుని ఉంది.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ''ముందుగా ఏమీ తెలియలేదా అమ్మమ్మకి?'' అన్నాడు.

''తెలిసే ఉంటుంది. మేమే గమనించలేదు. ఓసారి మార్కెట్టు నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చింది. రెండోది ఎప్పుడు జారిపోయిందో తెలియదంది. మేమంతా పడీపడీ నవ్వాం.''

అంటూనే ఆగిపోయింది. వాడు కూడా ఆమె వంకే చూస్తున్నాడు.

''అమ్మా... నిన్న నానమ్మ చెప్పు...''

టైమర్ మోగింది. తొంభై నాలుగు.

* * *

పైకెళ్లడమా, దిగిపోవడమా అన్నదాని మీద తల్లీకొడుకుల మధ్య కాసేపు వాదన జరిగింది. చివరికి నంది దాకా నడుద్దామనీ, అక్కడెలాగూ రోడ్డుంది కాబట్టి అప్పుడు చూద్దామనీ ఒప్పందం కుదిరింది. పరుగు లేదు. వాడు రెండు మెట్లు వెనకే ఉండి, పడితే పట్టుకునేటట్టు చేతులు చాపుకుని నడిచాడు. పసుపు గిన్నె పెద్దామె ఈలోగా వాళ్లని దాటి వెళ్లిపోయింది. వంగుతూ, లేస్తూ వెళ్లేదే ముందు చేరుతుందన్నమాట!

నంది దగ్గర అరటిపళ్లు కొనుక్కుని, రెండు తింది. పాతిక అడుగుల పొడవున నల్లగా నిగనిగలాడుతూ, మెడలో రాతి గంటలతో ప్రశాంతంగా పడుకుని ఉంది నంది. ఎండ పడింది. ఒంట్లో నలత పూర్తిగా పోయింది. మిగిలిన మూడొందల మెట్లూ మాట్లాడుకుంటూ ఎక్కేశారు. మాటలన్నీ నానమ్మ గురించే. ఆవిడకీ 'కొద్దిగా' షుగరుంది. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకుంటుంది. పరీక్షకి రమ్మంటే, ''నాకేమీ నొప్పి లేదు, నన్నొదిలెయ్యండి'' అంటుంది. నొప్పి లేదట! ఇన్నాళ్లూ ఆ మాట విని ఇంట్లో అందరూ సంతోషించారు.

పైన కత్తీ పామూ పట్టుకున్న మహిషాసురుడి బొమ్మ దగ్గర జనం ఫొటోలు దిగుతున్నారు. ఏడంతస్తుల గోపురం కనబడుతోంది. ఎనిమిదింపావుకి కారు వచ్చింది. అత్తగారు దిగుతూనే కోడలి మొహంకేసి చూసింది, తర్వాత బూట్లకేసి.

''ఎక్కావా?''

''ఎక్కానత్తయ్యా. పరుగు సగమే. మిగతాది నడిచాను.''

''నడిస్తే మంచిదే. అమ్మవారి దగ్గరికి పరుగులెందుకు?'' ఆవిడ గొంతులో రాత్రి కోపం లేదు. ''మరి గుళ్లోకైనా విప్పుతావా?''

''బూట్లు విప్పుతాను. మేజోళ్లుంచుకుంటాను. మీక్కూడా ఒక జత తెచ్చాను, రాళ్లు చల్లగా ఉన్నాయి.'' సంచీలో విడిగా పెట్టుకున్న రెండో జత అది, తన కోసమే తెచ్చుకున్నది.

చెప్పుల స్టాండు పక్కన అరుగు మీద ఆవిణ్ని కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. అందరి ముందూ కోడలు కాళ్లు పట్టుకోవడంతో ఆవిడ కొంచెం ఇబ్బందిపడి, అటు తిరిగి మనవరాలి జడ సవరించడం మొదలుపెట్టింది. ఎడమ మడమ మీద చిన్న పగులు. పొడిబారిన చర్మం. చిటికెనవేలి కింద చెప్పు ఒరుసుకుపోయి పచ్చిగా ఉంది, కొత్తగా అయినట్టే ఉంది. కొడుకు పక్కనే నిలబడి వంగి చూస్తున్నాడు. ఆమె ఆ పచ్చి పక్కనే చూపుడువేలితో మెత్తగా తాకింది. తర్వాత బొటనవేలి కింద, తర్వాత పాదం మధ్యలో.

''తెలుస్తోందా అత్తయ్యా?''

ఆవిడ జడ వదలకుండానే ఇటు తిరిగింది. ''ఏది?''

ఆమె మరేమీ అడగలేదు. చేతిరుమాలు నీళ్లతో తడిపి, తుడిచి, కొడుకు పరుగెత్తి తెచ్చిన దూదీ ప్లాస్టరూ అంటించి, మేజోళ్లు తొడిగింది. ఆవిడ రెండు కాళ్లూ చాపి వాటిని చూసుకుని, ''పట్నం కాళ్లయ్యాయి'' అంది మనవరాలితో. లైను కదిలింది. లోపలికెళుతూ ఆమె భర్త చెవిలో, విజయవాడ చేరిన మర్నాడే ఆస్పత్రిలో ఇద్దరి పేర్లూ రాయించమని చెప్పింది. ఆయన ''ఇద్దరెవరు?'' అన్నాడు.